రాజుగారు ఒక్కరే, కుర్చీలు నాలుగు రకాలు

2025 జులైలో గోవా గవర్నరుగా పూసపాటి అశోక్ గజపతిరాజు పేరు ప్రకటించిన వారం. విజయనగరం మూడు లాంతర్ల దగ్గర ఓ టీకొట్టు. ఒక పెద్దాయన గ్లాసు చేతిలో పెట్టుకుని, ఎవర్నీ ప్రత్యేకంగా అడగనట్టే అడిగాడు: "గవర్నరైపోతే మరి మాన్సాసు ఎవరికెల్తాదండీ? సిమ్మాచెలం అప్పన్న తొలి దర్సనం ఎవరు సేత్తారు?" మాన్సాసంటే పూసపాటి వారు పెట్టిన చదువుల ట్రస్టు.

పక్కనున్న కుర్రాడు ఫోన్లోంచి తల ఎత్తకుండానే, "ఒకటొచ్చిందంటే మిగతావన్నీ పోతాయి తాతా" అన్నాడు. బల్ల చివర కూర్చున్న ఇంకొకాయనకి అది నచ్చలేదు. "ఆయనకి పదవి ఇచ్చేదేటి, తీసేదేటి? పుట్టుకతోనే రాజు కదా!"

ఇద్దరి మాటలోనూ కొంచెం నిజం ఉంది, అంతకు కాస్త ఎక్కువే పొరపాటూ ఉంది. తప్పు వాళ్లది కాదు. మన భాషలో అన్నిటికీ ఒకే మాట: పదవి. ఎమ్మెల్యే పదవి, మంత్రి పదవి, ధర్మకర్త పదవి, గవర్నరు పదవి. వీటిలో ఒకటి ఓటుతో వస్తుంది. ఒకటి ముఖ్యమంత్రో ప్రధానో పిలిస్తే వస్తుంది. ఒకటి పుట్టిన ఇంటిని బట్టి వస్తుంది. ఇంకొకటి రాష్ట్రపతి సంతకంతో వస్తుంది. వచ్చే దారి వేరైనప్పుడు పోయే దారీ వేరే, జవాబు చెప్పుకోవాల్సిన చోటూ వేరే. ఈ నాలుగు రకాల కుర్చీల్లోనూ కూర్చున్న మనిషి మన రాష్ట్రంలో ఇంకొకరు చప్పున తట్టరు. అందుకే ఈ నాలుగింటి తేడా తెలుసుకోవడానికి ఆయన జీవితం కంటే మంచి ఉదాహరణ దొరకదు.

## రాజ్యం కాదు, జమీందారీ

ముందు "రాజు" దగ్గరున్న చిక్కు విప్పాలి. విజయనగరం కోటకు 1713లో శంకుస్థాపన జరిగిన మాట నిజం. పూసపాటి వారిని జనం మహారాజులని పిలిచిన మాటా నిజం. కానీ స్వాతంత్ర్యం వచ్చేనాటికి విజయనగరం హైదరాబాదులాంటి, మైసూరులాంటి సంస్థానం కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఒక పెద్ద జమీందారీ. 1802 నాటి శాశ్వత శిస్తు ఏర్పాటు కింద కంపెనీకి ఏటా ఇంత కడతామని ఒప్పుకున్న ఎస్టేటు. మహారాజా అన్నది బిరుదు.

తేడా ఎక్కడ తెలుస్తుందంటే, సంస్థానాధీశులు భారతదేశంలో విలీనమయ్యేటప్పుడు ఒప్పందాలు రాసుకున్నారు, వాళ్లకి రాజభరణాలు ముట్టాయి, 1971లో రాజ్యాంగ సవరణతో అవి ఆగిపోయాయి. జమీందార్ల కథ అది కాదు. 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం చేసి జమీందారీలను రైత్వారీలోకి, అంటే రైతే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే పద్ధతిలోకి, మార్చేసింది. "ఇందిరమ్మ రాజభరణం తీసేసింది కాబట్టి వీళ్లు రాజకీయాల్లోకొచ్చారు" అని మన దగ్గర కొందరు చెప్పే కథ విజయనగరానికి అతకదు.

అశోక్ గజపతిరాజు పుట్టింది 1951 జూన్ 26న, మద్రాసులో. రద్దు చట్టం వచ్చి అప్పటికే మూడేళ్లు. ఆయన ఒక్కరోజు కూడా జమీందారు కాదు. తండ్రి పి.వి.జి. రాజు సోషలిస్టు, లోహియాతో నడిచినవారు, రాష్ట్రంలో మంత్రిగా, పార్లమెంటు సభ్యుడిగా చేశారు. అన్న ఆనంద గజపతిరాజు కూడా రాష్ట్ర మంత్రిగా, బొబ్బిలి ఎంపీగా చేశారు. ఇంటిపేరు ఓటుకు సాయం చేసిందా అంటే చేసింది, అది దాచేదేమీ కాదు. కానీ ఇంటిపేరుకి చట్టంలో హోదా లేదు. ఒక్క చోట తప్ప. ఆ ఒక్క చోటా తర్వాత వస్తుంది.

## ఓటుతో వచ్చేది, ఓటుతో పోయేది

1978 ఎన్నికలు. ఆంధ్రప్రదేశ్‌లో ఇందిరా కాంగ్రెస్ గాలి: 294 స్థానాల్లో 175 ఆ పార్టీవే. జనతా పార్టీకి 60 వచ్చాయి. ఆ అరవైలో ఒకటి విజయనగరం. ఎమ్మెల్యేగా నిలబడటానికి 25 ఏళ్లు నిండాలి, అశోక్ గజపతిరాజుకి అప్పటికి 26. ఇంకో విశేషం, ఆయన మొదటిసారి గెలిచినప్పుడు విజయనగరం జిల్లా అనేదే లేదు. ఈ పట్టణం విశాఖపట్నం జిల్లాలో ఉండేది. బొబ్బిలి, పార్వతీపురం, సాలూరు, చీపురుపల్లి శ్రీకాకుళం జిల్లాలో ఉండేవి. రెండు జిల్లాల ముక్కలూ కలిపి 1979 జూన్ 1న కొత్త జిల్లా చేశారు.

1982 మార్చిలో తెలుగుదేశం పుట్టింది. ఆ పార్టీ తరఫున 1983, 1985, 1989, 1994, 1999లో వరసగా ఐదుసార్లు గెలిచారు. 1989 గెలుపు కాస్త ఆగి చూడాల్సినది, రాష్ట్రంలో పార్టీ ఓడిపోయిన ఏడాది అది. 2004లో కోలగట్ల వీరభద్రస్వామి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి ఆయన్ని ఓడించారు. ఇరవై ఆరేళ్ల పాటు ఒకే ఇంట్లో ఉన్న సీటు ఒక్క మధ్యాహ్నపు లెక్కింపులో చేతులు మారింది. 2009లో మళ్లీ గెలిచారు. మొత్తం ఏడుసార్లు.

2014లో అసెంబ్లీ వదిలి లోక్‌సభకు వెళ్లారు. ఎమ్మెల్యే, ఎంపీ తేడా జనానికి తెలుసనే అనుకుంటాం, కానీ ఒక చిన్న లెక్క వేసి చూడండి. రాజాంలో ఉండే ఒక ఓటరు ఆ ఎనిమిది ఎన్నికల్లో ఏ ఒక్కసారీ అశోక్ గజపతికి ఓటు వేసే వీల్లేదు, ఆయన నిలబడింది విజయనగరం అసెంబ్లీకి. 2014లో అదే ఓటరు మొదటిసారి ఆయన పేరు మీద మీట నొక్కాడు. ఎందుకంటే విజయనగరం లోక్‌సభ స్థానంలో ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు ఉన్నాయి: విజయనగరం, నెల్లిమర్ల, గజపతినగరం, చీపురుపల్లి, బొబ్బిలి, రాజాం, ఎచ్చెర్ల. ఆ రోజుకి చివరి రెండూ శ్రీకాకుళం జిల్లావి. పేరు విజయనగరం, ఓట్లు రెండు జిల్లాలవి. 2022లో జిల్లాలు మళ్లీ గీసినప్పుడు రాజాం ఇటొచ్చింది, ఎచ్చెర్ల అటే ఉండిపోయింది.

ఆ ఎన్నికలో ఎదురుగా నిలబడింది బొబ్బిలి రాజవంశీకుడు బేబినాయన. 1757 బొబ్బిలి యుద్ధం ఇంకా కథగా చెప్పుకునే ఊళ్లలో ఇంకేం కావాలి! పేపర్లకు శీర్షికలు రెడీ అయిపోయాయి. అశోక్ గజపతి లక్షకు పైగా ఓట్ల తేడాతో గెలిచారు. పదేళ్లకి అదే బేబినాయన తెలుగుదేశం గుర్తు మీద బొబ్బిలి ఎమ్మెల్యే అయ్యారు. యుద్ధం గురించి మాట్లాడినవాళ్లు ఇప్పుడు మాట్లాడరు.

2019లో ఎంపీ సీటు బెల్లాన చంద్రశేఖర్ గెలుచుకున్నారు. అదే ఏడాది అసెంబ్లీకి నిలబడిన కూతురు అదితి కూడా ఓడిపోయి, 2024లో విజయనగరం ఎమ్మెల్యే అయ్యారు. ఓటు కుర్చీ లక్షణం ఇదే. ఐదేళ్లకోసారి ఖాళీ చేసి, మళ్లీ అడగాలి. బంగ్లా ముందు ఎంతమంది గుమిగూడినా ఆ నియమం మారదు.

## పిలిస్తే వచ్చేది

మంత్రి పదవికి ఓటు కావాలి, కానీ ఓటు చాలదు. ముఖ్యమంత్రి సలహా మీద గవర్నరు, ప్రధాని సలహా మీద రాష్ట్రపతి నియమిస్తారు. నమ్మకం పోతే సంజాయిషీ లేకుండా తీసెయ్యొచ్చు. రాష్ట్రంలో ఎక్సైజ్, వాణిజ్య పన్నులు, ఆర్థికం, రెవెన్యూ శాఖలు ఆయన చూశారు. 1995 ఆగస్టు సంక్షోభంలో చంద్రబాబు వైపు నిలిచారు. ఆ నిర్ణయం తప్పా ఒప్పా అని ఇప్పటికీ ఎన్టీఆర్ అభిమానులు రెండు జట్లుగా వాదించుకుంటారు, అది వేరే వ్యాసం.

2014 మే 26న కేంద్ర పౌర విమానయాన మంత్రి అయ్యారు. 2016లో జాతీయ పౌర విమానయాన విధానం ఆయన హయాంలోనే వచ్చింది. అంతకుముందు మన విమాన సంస్థ విదేశాలకు ఎగరాలంటే ఐదేళ్ల అనుభవం, ఇరవై విమానాలు ఉండాలనే నియమం ఉండేది. ఐదేళ్ల షరతు తీసేశారు. చిన్న ఊళ్లకు విమానాలు నడిపే ఉడాన్ పథకం ఆ విధానంలోదే. సుమారు గంట ప్రయాణానికి కొన్ని సీట్లను 2,500 రూపాయలకు మించకుండా అమ్మాలి, సంస్థకు వచ్చే లోటు ప్రభుత్వం పూడుస్తుంది. తొలి ఉడాన్ విమానం 2017 ఏప్రిల్‌లో సిమ్లా, ఢిల్లీల మధ్య ఎగిరింది.

"మరి మన భోగాపురం?" అని అప్పట్లో ఆయన్ని అడగని సభ లేదేమో. ఇక్కడ మంత్రి కుర్చీ హద్దు కనిపిస్తుంది. విశాఖ విమానాశ్రయం రన్‌వే నౌకాదళానిది, అందుకే భోగాపురంలో కొత్త విమానాశ్రయం ఆలోచన. కానీ అనుమతి ఇచ్చేది కేంద్రమైతే భూమి సేకరించేది రాష్ట్రం. రైతులు అడ్డం తిరిగాక మొదట అనుకున్న విస్తీర్ణం బాగా తగ్గించారు. శంకుస్థాపన 2019 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి చేశారు, 2023 మేలో ఇంకో ముఖ్యమంత్రి చేశారు. ఒకే విమానాశ్రయానికి రెండు శిలాఫలకాలు. సొంత జిల్లా ప్రాజెక్టయినా, విమానయాన మంత్రి చేతిలో ఉన్నది సగం తాళమే. ఇప్పుడా శాఖ పక్క జిల్లా శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్‌నాయుడి దగ్గరుంది.

2018 మార్చిలో ప్రత్యేక హోదా గొడవ మీద తెలుగుదేశం మంత్రులు కేంద్రంలోంచి బయటికొచ్చేశారు. అశోక్ గజపతిరాజు మంత్రి పదవికి రాజీనామా చేశారు, ఎంపీగా మాత్రం 2019 దాకా కొనసాగారు. టీకొట్టు కుర్రాడి లెక్క ఇక్కడే తప్పింది. పిలిచిన కుర్చీ పోతే ఓటిచ్చిన కుర్చీ పోదు. రెండింటికీ వేర్లు వేరే నేలలో ఉన్నాయి.

## పుట్టుకతో వచ్చేది, దాని మీద వచ్చిన తగాదా

అసలు చిక్కుముడి ఇది.

1958లో పి.వి.జి. రాజు తన తండ్రి అలక్ నారాయణ గజపతి పేరు మీద ఒక ట్రస్టు పెట్టారు. పూర్తి పేరు మహారాజా అలక్ నారాయణ సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ అండ్ సైన్స్, జనం నోట్లో మాన్సాస్. కోటనే చదువులకు ఇచ్చేశారు. ఇవాళ్టికీ కోట గుమ్మంలోంచి పొద్దున్నే పుస్తకాల సంచులేసుకుని ఆడపిల్లలు గుంపులుగా లోపలికి వెళ్తుంటారు, బయటి ఊరి నుంచి వచ్చినవాళ్లు "ఇది మ్యూజియం కాదా?" అని ఆశ్చర్యపోతారు. 1879 నాటి మహారాజా కళాశాల, చింతలవలస ఇంజనీరింగ్ కాలేజీ ఈ ట్రస్టు కిందివే. భూములు 14 వేల ఎకరాలకు పైమాటే అని పత్రికలు రాస్తుంటాయి. దీనికి పక్కనే ఇంకో తీగ: సింహాచలంతో పాటు వందకు పైగా ఆలయాలకు ఈ కుటుంబం అనువంశిక ధర్మకర్త. అక్షయ తృతీయ నాడు చందనం ఒలిచిన అప్పన్న నిజరూపాన్ని మొదట చూసేది ఆ ధర్మకర్తే.

ధర్మకర్త అంటే యజమాని కాదు. ఈ ఒక్క ముక్క సరిగ్గా పట్టుకుంటే సగం గొడవ తీరిపోతుంది. ట్రస్టులో పెట్టిన ఆస్తి ఇక ఆ ఇంటిది కాదు, ట్రస్టుది. ధర్మకర్త దాన్ని కాపలా కాసి, రాసిన పత్రం ప్రకారం ఖర్చు పెట్టే మనిషి. రాష్ట్రంలో ఇలాంటి సంస్థల మీద 1987 నాటి దేవాదాయ ధర్మాదాయ చట్టం ఉంటుంది. ప్రభుత్వం ఈవోను, అంటే కార్యనిర్వహణాధికారిని, వేస్తుంది. ఎకరం అమ్మాలన్నా దేవాదాయ కమిషనర్ అనుమతి కావాలి, బహిరంగ వేలం కావాలి. చైర్మన్ సంతకం ఒక్కటే చాలదు.

ఇదే 1987 చట్టం వంశపారంపర్య ధర్మకర్తల హక్కును రద్దు చేసింది. మరి "అనువంశిక" అని ఇంకా ఎలా అంటున్నారు? 1996లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థిస్తూనే, సంస్థను స్థాపించిన కుటుంబాన్ని పూర్తిగా పక్కన పెట్టకూడదు, వాళ్లలో ఒకరికి అధ్యక్ష స్థానం ఉండాలి అంది. కాబట్టి చట్టం భాషలో ఇప్పుడున్నది స్థాపక కుటుంబ సభ్యుడి స్థానం. జనం నోట్లో, ఉత్సవాల ఆహ్వాన పత్రికల్లో మాత్రం పాత మాటే నడుస్తోంది. ఇందాక "ఒక్క చోట తప్ప" అన్నది ఈ చోటు గురించే. ఈ కుటుంబంలో పుట్టడం అనే సంగతిని చట్టం గుర్తించేది ఇక్కడ మాత్రమే.

సరే, కుటుంబంలో ఒకరు. ఏ ఒకరు?

పి.వి.జి. రాజు 1995 నవంబరులో పోయాక పెద్ద కొడుకు ఆనంద గజపతి చైర్మన్ అయ్యారు. ఆయన 2016 మార్చిలో చనిపోయాక తమ్ముడు అశోక్ గజపతి వచ్చారు. 2020 మార్చి మొదటి వారంలో అప్పటి ప్రభుత్వం జీవోలు ఇచ్చి, ఆనంద గజపతి కుమార్తె సంచయితను మాన్సాస్‌కూ సింహాచలానికీ చైర్‌పర్సన్‌గా నియమించింది. ఒక మహిళ ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. అశోక్ గజపతి హైకోర్టుకు వెళ్లారు. 2021 జూన్ 14న ఏకసభ్య ధర్మాసనం ఆ జీవోలను కొట్టేసి ఆయన్ని తిరిగి కూర్చోబెట్టమంది. అప్పీలులోనూ అదే నిలిచింది.

వాదం అర్థం కావాలంటే పేర్లు పక్కన పెట్టి ఒక తాతను ఊహించుకుందాం. ఊరి చివర సత్రం కట్టించి, పదెకరాల మాగాణి రాసిచ్చి, "నా తర్వాత మా వంశంలో పెద్ద మగవారసుడు చూసుకోవాలి" అని పత్రం రాశాడు. ఇద్దరు కొడుకులు. పెద్దవాడు చూసుకున్నాడు, పోయాడు. అతనికి ఆడపిల్లలే. చిన్నవాడు బతికే ఉన్నాడు. ఇప్పుడు సత్రం తాళాలు ఎవరి చేతికి?

పత్రాన్ని ఉన్నదున్నట్టు చదివితే బతికున్న మగవారిలో పెద్దవాడు, అంటే చిన్న కొడుకు. తాత ఆస్తి, తాత ఇష్టం, దానం చేసినవాడు పెట్టిన షరతును ప్రభుత్వం ఒక జీవోతో చెరపలేదు అన్నది ఈ వైపు వాదం. మాన్సాస్ పత్రంలో ఉన్న పెద్ద మగవారసుడి షరతు మీదే అశోక్ గజపతి వైపు కేసు ప్రధానంగా నిలబడింది. పైగా నోటీసు, విచారణ లేకుండా ఉన్నవారిని ఎలా కదుపుతారన్నది ఇంకో ప్రశ్న.

రెండో వైపు వాదమూ తేలిగ్గా తీసేసేది కాదు. కూర్చున్నది పెద్ద కొడుకు, అతని తర్వాత అతని పెద్ద సంతానం రావడం సహజం కదా? ఆడపిల్ల అన్న ఒక్క కారణంతో కాదనడం రాజ్యాంగం ఇచ్చిన సమానత్వానికి సరిపోతుందా? సంచయిత వైపు మొదటి నుంచీ అడిగింది ఇదే. దీనికి "2005లో ఆడపిల్లలకూ సమాన వాటా వచ్చింది కదా" అని కొందరు తోడు తెచ్చే మాట మాత్రం ఇక్కడ పనికిరాదు. 2005 నాటి హిందూ వారసత్వ చట్ట సవరణ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో వాటా గురించి. సత్రం తాళాలు వాటా కాదు, బాధ్యత.

నా మట్టుకు నాకు తోచేది చెప్తాను. జీవో ఇచ్చిన పద్ధతి మీద కోర్టు అన్నది సబబే అనిపిస్తుంది. కానీ ఆడపిల్ల ప్రశ్నకు గడువు పెరిగిందే తప్ప అది తీరలేదు. ఇవాళ అశోక్ గజపతిరాజు రాజకీయ వారసత్వం చూస్తున్నదీ కూతురే. మన తాత పత్రంలో చిన్న కొడుక్కీ ఆడపిల్లే ఉందనుకోండి, తరవాతి తరంలో అదే పత్రం అదే ప్రశ్నతో మళ్లీ బల్ల మీదికి వస్తుంది. అప్పుడు వాదించేవాళ్లు వైపులు మారతారేమో చూడాలి.

## రాష్ట్రపతి సంతకంతో వచ్చేది

2025 జులై 14న ప్రకటన, 26న పణజీలో ప్రమాణం. గోవాకు విడిగా హైకోర్టు లేదు కాబట్టి ప్రమాణం చేయించింది బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి. గవర్నరుకు 35 ఏళ్లు నిండాలి, భారత పౌరుడై ఉండాలి, అంతే అర్హత. పదవీకాలం ఐదేళ్లని రాసి ఉన్నా రాష్ట్రపతి అభీష్టం ఉన్నంత వరకే. రాష్ట్రపతి నడిచేది కేంద్ర మంత్రివర్గం సలహా మీద కాబట్టి అసలు మాట ఎక్కడిదో చెప్పక్కర్లేదు. అయితే ఇష్టం వచ్చినట్టు, కారణం లేకుండా తీసెయ్యడం కుదరదని 2010లో సుప్రీంకోర్టు అంది.

ఈ కుర్చీ ఎక్కే ముందు పార్టీ వదలాలి. అశోక్ గజపతి నాలుగు దశాబ్దాల తెలుగుదేశం సభ్యత్వానికి రాజీనామా చేశారు. రాజ్యాంగంలో ఆ షరతు అక్షరాలా లేదు, ఆనవాయితీ అది.

ఇక్కడ మాత్రం నిజమైన అభిప్రాయ భేదం ఉంది. 1988లో నివేదిక ఇచ్చిన సర్కారియా కమిషన్ గవర్నరు బయటి రాష్ట్రం వాడై ఉండాలని, ఈమధ్య కాలంలో రాజకీయాల్లో మరీ మునిగినవాడు కాకూడదని చెప్పింది. 2010లో పూంఛీ కమిషన్ కనీసం రెండేళ్లయినా చురుకైన రాజకీయాలకు దూరంగా ఉండాలంది. ఈ గీటురాయి మీద చూస్తే అన్ని పార్టీల హయాంలో జరిగిన నియామకాల్లో చాలావరకు నిలవవు. ఈయన బయటివాడా అంటే బయటివాడే, గోవా రాజకీయాలతో ఏ చుట్టరికమూ లేదు. రాజకీయాలకు దూరంగా ఉన్నారా అంటే, 2019 తర్వాత ఎన్నికల్లో నిలబడలేదు గానీ పార్టీలో ఉన్నారు. కూటమి భాగస్వామికి దక్కిన వాటా ఇది అని విమర్శకులు అంటారు. యాభై ఏళ్లకు దగ్గరపడిన ప్రజాజీవితానికి తగిన గౌరవం అని అభిమానులు అంటారు. రెండూ ఒకేసారి నిజం కాకూడదని ఎక్కడుంది?

"గవర్నరంటే రిబ్బన్లు కత్తిరించడమే కదా" అనేవాళ్లకు గోవా సంగతే చెప్పాలి. 2017లో అక్కడి 40 సీట్లలో కాంగ్రెస్‌కు 17, బీజేపీకి 13 వచ్చాయి. ఎవరికీ సగం లేదు. పెద్ద పార్టీని పిలవాలా, మద్దతు లేఖలు తెచ్చిన కూటమిని పిలవాలా? అప్పటి గవర్నరు రెండోదే చేశారు, మనోహర్ పారికర్ ముఖ్యమంత్రి అయ్యారు. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లి, వెంటనే బలపరీక్ష జరిగింది, పారికర్ 22 ఓట్లతో నెగ్గారు. మామూలు రోజుల్లో గవర్నరు చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. సభలో ఎవరికీ లెక్క కుదరని రోజున అంతా ఆయన చేతిలోనే ఉంటుంది. 40 మంది సభలో అలాంటి రోజు రావడానికి నలుగురు అటూ ఇటూ అయితే చాలు.

## రెండు కుర్చీల్లో ఒకేసారి కూర్చోవచ్చా?

పెద్దాయన మొదటి ప్రశ్న ఇదే. రాజ్యాంగం 158వ అధికరణం గవర్నరు ఇంకే లాభదాయక పదవిలోనూ ఉండకూడదంటుంది. చట్టసభలో సభ్యుడుగా ఉంటే ఆ సీటు ప్రమాణం రోజునే ఖాళీ అయినట్టు లెక్క. ట్రస్టు ధర్మకర్తృత్వం లాభదాయక పదవా కాదా అన్నదే మీమాంస.

లాభం అంటే జీతం చేతికి రావడమే అక్కర్లేదు. 2006లో రాజ్యసభ సభ్యురాలు జయాబచ్చన్ ఉత్తరప్రదేశ్ చలనచిత్ర సంస్థ అధ్యక్షురాలిగా ఉన్నందుకు అనర్హురాలయ్యారు. నేను పైసా తీసుకోలేదని ఆవిడ అన్నారు. తీసుకోవడానికి వీలున్న పదవి అయితే చాలని సుప్రీంకోర్టు అంది. అయితే అది ప్రభుత్వం పిలిచి ఇచ్చిన కుర్చీ. తాత పత్రంలోంచి వచ్చిన, గౌరవానికే తప్ప గౌరవ వేతనానికి కాని ధర్మకర్తృత్వాన్ని అదే గాటన కట్టలేమని చాలామంది వాదన. దేవాదాయ చట్టం కింద ప్రభుత్వ పర్యవేక్షణ ఉంది కాబట్టి జాగ్రత్తగా చూడాలని ఇంకొందరి వాదన. పాత అనుభవం ఒకటుంది: 2016లో ఆయన మాన్సాస్ చైర్మన్ అయినప్పుడు కేంద్ర మంత్రిగానే ఉన్నారు.

మనసుకు ఈ తేడాలన్నీ ఒక్కసారి కనబడే రోజు ఏటా ఒకటి వస్తుంది. దసరా వెళ్లిన మంగళవారం, పైడితల్లి సిరిమాను. మధ్యాహ్నం నుంచి మూడు లాంతర్ల నుంచి కోట దాకా అడుగు పెట్టే సందు ఉండదు. ముందు బెస్తవారి వల, అంజలి రథం, తెల్ల ఏనుగు, పాలధార. వాటి వెనక ఆకాశంలో ఊగుతూ చింతమాను కొసన పూజారి. జనం అరటిపళ్లు విసురుతారు, ఓ రెండు మన నెత్తినే పడతాయి. మాను కోట దాకా మూడుసార్లు వెళ్లి వస్తుంది. కోట బురుజు మీద పూసపాటి వారు కూర్చుని చూస్తారు. పైడిమాంబ 1757లో బొబ్బిలి యుద్ధంలో చనిపోయిన విజయరామరాజు చెల్లెలని కథ, పూసపాటి వారు అమ్మవారికి ఇచ్చే పట్టుబట్టలు ఆడపడుచుకి పుట్టింటివాళ్లు పెట్టేవి. ఆ బురుజు మీద ఎవరు కూర్చున్నా అక్కడ ఎమ్మెల్యేగా కూర్చోరు, మంత్రిగా కూర్చోరు. 2004లో ఓడిపోయిన ఏడాది దసరాకీ ఆ బురుజు మీద స్థానం ఎక్కడికీ పోలేదు. ప్రభుత్వం తరఫున వచ్చే మంత్రికి, కలెక్టరుకి ప్రోటోకాల్ వేరే.

మూడు లాంతర్ల పెద్దాయన దగ్గరికొస్తే, చివరికి ఆయన అసలు సంగతి బయటపెట్టాడు. ఆయనకి గోవాతో పనిలేదు. మాన్సాస్ భూమి ఎకరంన్నర కౌలుకు చేస్తున్నాడు, కౌలు రసీదులో పేరు కొడుకు పేరు మీదికి మార్చాలి. "రాజుగారు గోవా ఎల్లిపోతే సంతకం ఎవరెడతారండీ?"

ఆ సంతకం ఎప్పుడూ గవర్నరుది కాదు, ఎమ్మెల్యేది కాదు, మంత్రిది కాదు. ట్రస్టు కార్యాలయం నుంచి రావాల్సిన కాగితం అది, ఈవో గుండా వెళ్తుంది. చైర్మన్ ఎక్కడున్నా ఈవో బల్ల ఇక్కడే ఉంటుంది. అది చెప్పాక ఆయన టీ డబ్బులు బల్ల మీద పెట్టి, చంకలో సంచి సర్దుకుని, కోట వైపు నడిచాడు.